నాయకత్వము జాతకములో నుండునా?

ఊరిలో నలుగురు స్త్రీలకు సంఘనిర్వహణలో శిక్షణ ఇచ్చుచున్నారని తెలిసినంతనే, "నాయకత్వము పుట్టుకతో రావలెను గాని నేర్పితే వచ్చునా?" అని పెదవి విరుచు పెద్దమనుష్యులు మనలో కొల్లలుగా నున్నారు. వారిలో కొందరు నామినేషనుకు ముహూర్తము పెట్టించుకొని, చక్రములో రాజయోగము కలదని సిద్ధాంతి చెప్పిన పిదపనే ఎన్నికలకు దిగుదురు. ఒక్క పదవికి ముగ్గురు పోటీపడి ముగ్గురును ముహూర్తము చూచుకొనియే వచ్చినపుడు ఇద్దరు ఓడక తప్పదన్న చిన్న లెక్క వారికి తోచకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించును. ఏలయన ఈ నమ్మకము వలన నష్టపడునది ఓడిన అభ్యర్థి కాదు, తనకు యోగము లేదని ఇంట కూర్చుండిపోయిన సమర్థురాలు.

నాయకత్వము నేర్చిన విద్యయే యనుటకు పాత చెరువులే సాక్ష్యము. కుసుమంచి కాకతీయుల నాటి గణపేశ్వరాలయము వలన పేరు గాంచిన ఊరు. అక్కడి శిలలను చూచినపుడెల్ల నా మనస్సు ఆలయమును విడిచి ఆ కాలపు చెరువుల మీదికి పోవును. గుడి కట్టించిన వారి పేర్లును, చెరువు త్రవ్వించిన వారి పేర్లును శాసనములకెక్కినవి. తూము ఎప్పుడెత్తవలెనో, ఎవరి మడికి ఎంత పారుదలయో తెల్పి, కరవు సంవత్సరమున ఇరుగుపొరుగుల తగవు తీర్చిన నీరటివాని పేరు నేను చూచిన ఏ శిల మీదను లేదు. అయినను చెరువును తరతరములు నిలిపినది ఆతని పనియే. తండ్రి వెంట గట్టు మీద తిరిగి ఆతడు నేర్చిన ఆ విద్యనే నేను నాయకత్వమనుచున్నాను. నేడు నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు ఆ చేరువనున్న పాలేరు జలాశయమును నింపుచున్నది గాని, పంపకములోని కష్టము మాత్రము మారలేదు.

నాయకులను తయారుచేయు బడులు మనకు క్రొత్తవి కావు. 1930ల దశకములో ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతు విద్యాలయము నడిపెను. ఖమ్మమున 1934లో ఒకసారి, 1945లో మరియొకసారి ఆంధ్రమహాసభ జరిగినది. సభలో లేచి మాటాడుట, తీర్మానమును ప్రతిపాదించుట, ఓడినను కూర్చుండి వినుట తెలంగాణములో ఎందరికో ఆ వేదికలే అలవరచినవి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము పూనుకొనగా, 1958లో ముస్సోరీలో పుట్టిన సామాజికాభివృద్ధి సంస్థ తరువాత హైదరాబాదు చేరి, నేడు రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థగా విలసిల్లుచున్నది.

అయితే ఈ విద్యకు అసలైన పాఠశాల మహిళా పొదుపు సంఘమేనని నా దృఢాభిప్రాయము. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో కర్నూలు, మహబూబునగరు, అనంతపురము జిల్లాలలో మొదలైన ప్రయత్నము ఓర్వకల్లు వంటి చోట్ల ఫలించినది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడి, 'వెలుగు' పేరిట ఆ మార్గమును విస్తరింపజేసినది. జనులు నేటికిని 'ఐకేపీ' అనునది దాని తరువాతి రూపమే. పది పదిహేను మంది ఒక సంఘము, ఊరి సంఘములన్నియు కలిసి గ్రామసమాఖ్య, వానిపై మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. ఈ నిర్మాణము అందరికిని తెలిసినదే.

తెలియనిది సమావేశములో జరుగు పని. చాప పరచుకొని గుండ్రముగా కూర్చుందురు. హాజరు వేసి, గడచిన తీర్మానమును ఒకరు పైకి చదువుదురు. పొదుపు డబ్బు, కంతుల డబ్బు అందరి కన్నుల యెదుట లెక్కించి, మొత్తమును గట్టిగా చెప్పుదురు. అటుపై అప్పు అడిగినవారి వంతు వచ్చును. చేతిలోని సొమ్ము ఒక్కరికే చాలును, అడిగినవారు ముగ్గురు. ఒకామె బిడ్డకు ఆసుపత్రి ఖర్చు, ఒకామె బర్రె కొనవలెను, మూడవ ఆమె ఇంట పెండ్లి. నాయకురాలు తన తోడికోడలికి "నీకు వచ్చే నెల చూద్దాం అక్కా" అని అందరిలో చెప్పవలెను. చెప్పి, మరునాడు ఆమెతోనే నాట్లకు పోవలెను. కాదన్న కారణము తీర్మానముల పుస్తకములో వ్రాయబడును గనుక, రేపు తన వంతు వచ్చినపుడు అదే కారణము తనకును వర్తించును. ఇట్టి నిర్ణయములు ఏండ్ల తరబడి చేసిన స్త్రీకి గ్రామసభలో లేచి నిలుచుట ఏమంత కష్టము?

ఇట్లు పక్వమైన వారినే సామాజిక వనరుల వ్యక్తులుగా, అనగా వాడుకలోని సీఆర్‌పీ అక్కలుగా, ఎన్నుకొందురు. ఈ పద్ధతిని నేను నారుమడితో పోల్చుదును. మడిలో ఒత్తుగా పెరిగిన నారును అదనులో పీకి దూరపు పొలమున నాటిననే అది పిలకలు వేయును. మడిలోనే ముదురనిచ్చితిమా, ఎంత నీరు పెట్టినను కంకి పలుచబడును. నాటిన తొలిదినములలో మొక్క వాడి, వంగి, చచ్చినట్లే కనబడును. పిదప క్రొత్త వేరు తొడిగి పచ్చబారును. మన అక్కలును అంతే. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషను నియమముల ప్రకారము చిన్న జట్టుగా పరాయి ఊరికి పోయి, ఒక్కొక్క ఊర పదిహేను దినముల చొప్పున నలువది అయిదు దినములలో మూడు ఊళ్లు తిరుగుదురు. పేదయిండ్ల వాకిళ్లలో కూర్చుండి, తమ అప్పుల కథ, తమ సంఘము కథ చెప్పుదురు. సంఘమును కట్టి, పుస్తకము వ్రాయగలవారిని, నలుగురిని కూడగట్టగలవారిని గుర్తించి, ఊరికి అప్పగించి వత్తురు. కొలదికాలమునకు ఆ గుర్తింపబడినవారే మరియొక ఊరికి బయలుదేరుదురు. మన తెలుగు స్త్రీలు బీహారు మొదలు కాశ్మీరము వరకు పోయి, వచ్చీరాని హిందీతో ఈ పని సాధించినారనగా, జాతకముల వారికి ఇంతకన్న వేరు సమాధానము అక్కరలేదు.

ఈ బడి మూతపడు విధమును కూడ చెప్పవలెను. సమావేశము మాని, పుస్తకము ఇంటింటికి త్రిప్పి సంతకములు, వేలిముద్రలు తీసికొని, బ్యాంకు అప్పు మాత్రము పంచుకొను సంఘములు అనేకము కలవు. అందు డబ్బు తిరుగును, మనిషి పెరుగదు. ఒకే నాయకురాలు ఏండ్లకేండ్లు పెట్టె తాళము పట్టుకొనియున్న చోటను ఇదియే గతి.

2018 పంచాయతీరాజ్ చట్టము తెలంగాణములో స్త్రీలకు సగము స్థానములు కేటాయించినది, తండాలెన్నో పంచాయతీలైనవి. చెక్కుపై సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకమును కావలెననియు, రెండు నెలలకొక గ్రామసభ జరుగవలెననియు విధించినది. అయినను భర్త కుర్చీలో కూర్చుండి భార్య సంతకము చేయు దృశ్యము ఇంకను మాసిపోలేదు. ఆమెకు కొద్ది దినముల ఉపన్యాసములు వినిపించి, సంచియు కలమును ఇచ్చి పంపినంత మాత్రమున అది తొలగదు. సమాఖ్యలో పుస్తకము చదివి, కాదనుట నేర్చిన అక్కనొకతెను ఆమె మొదటి గ్రామసభలన్నిటికిని ప్రక్కన కూర్చుండబెట్టవలెను. జమాఖర్చులు కార్యదర్శి గాక సర్పంచియే పైకి చదువవలెను. భర్తకు ఆ పూట సభికుల వరుసలో చోటు చూపవలెను. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు, మండల సమాఖ్యయు మండల పరిషత్తును కలిసి ఒక తీర్మానము చేసికొన్న చాలును.