ఇంటి కంప్యూటరుల పొత్తు



పెరటి బావి నొక్కరికొఱకు త్రవ్వింపము, ఇంటిల్లిపాదియు తోడుకొందురు. నగల పెట్టెను మాత్రము అందఱి యెదుట తెఱచియుంచము. నేడు మన గృహములలో చేరిన కంప్యూటరులకును ఈ వివేకమే వర్తించును. ఇంటిలో మూడు నాలుగు యంత్రములున్నను ప్రింటరు ఒక్కటి చాలును. కాని వానిలోని పత్రములను, ఛాయాచిత్రములను ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో నిర్ణయించుట గృహిణి యెఱుకలో జరుగవలసిన పని.

ఒక ప్రింటరును పలువురు వాడుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. 1973వ సంవత్సరమున అమెరికాలోని జెరాక్సు కంపెనీవారి పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ అను నాతడు ఈథర్‌నెట్ అను పద్ధతిని ప్రతిపాదించెను. అచ్చటి ఆల్టో కంప్యూటరులన్నిటికిని లేజరు ప్రింటరును అందుబాటు చేయుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి.

మన యింటిలో ఆ పనిని రౌటరు నడుపుచున్నది. వీధిలోని యిండ్లకు నెంబరులున్నట్లు ఇది ప్రతి యంత్రమునకును ఒక సంఖ్య నిచ్చును. సాధారణముగా 192.168 అని మొదలగు ఈ సంఖ్యలు ఇంటిలోపలనే చెల్లును. ఇట్లు ఒక గదినుండి మఱియొక గదికి పంపిన పత్రము వీధిలోనికి పోదు. అందుచే ఇంటర్నెట్టు ఆగిన దినమున సైతము అచ్చుపని సాగును.

వైఫై గల ప్రింటరును నేరుగా రౌటరునకు కలిపినచో అందఱును, ఫోనునుండి సైతము, అచ్చువేసికొనవచ్చును. ఒక కంప్యూటరునకు తీగతో తగిలించిన ప్రింటరైనచో, ఆ కంప్యూటరు మేలుకొనియున్నప్పుడే తక్కినవారి పని జరుగును. అది నిద్రించినచో పిల్లవాని హాలుటికెట్టు నిలిచిపోవును.

ఇక పత్రముల మాట. విండోసు కంప్యూటరులో ఇంటి వైఫైని "ప్రైవేటు" అని గుర్తింపవలెను. హోటలు, రైల్వేస్టేషను మొదలగు చోట్ల "పబ్లికు" అనియే యుండవలెను. పిమ్మట పంచదలచిన ఫోల్డరుపై మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులోని షేరింగు భాగమున పేరుపేరున అనుమతి నీయవచ్చును. "రీడ్" అనిన చూచుటకు మాత్రమే. "రీడ్/రైట్" అనిన మార్చుటకును, తుడిచివేయుటకును అధికారము. 2009లో విండోసు 7తో వచ్చిన హోంగ్రూపు అను సులభమార్గమును మైక్రోసాఫ్టువారు 2018లో విండోసు 10నుండి తొలగించిరి. కావున పాత పుస్తకములలోని ఆ సూచనలు నేడు పనికిరావు.

ఈ రెండనుమతుల భేదము స్వల్పమని తలపవలదు. తన కంప్యూటరులో తుడిచినది రీసైకిల్ బిన్ అను బుట్టలో పడును, తిరిగి తీసికొనవచ్చును. మఱియొక కంప్యూటరునుండి పొత్తు ఫోల్డరులో తుడిచినదో, సాధారణముగా ఆ బుట్టలో పడక అప్పుడే మాయమగును. స్వర్గస్థురాలైన అమ్మమ్మ చిత్రమును, కుమార్తె వివాహచిత్రములును ఆడుకొను పసివాని యొక్క నొక్కుతో పోవచ్చును గదా! కావున అట్టి ఫోల్డరును చూచుటకు మాత్రమే విడువవలెను. వేఱొక డిస్కులో ప్రతిని దాచి, దానిని ఊడదీసి బీరువాలో నుంచవలెను.

బయటి భయమును కలదు. 2017 మే 12వ తేదీన వెలువడిన వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము, విండోసులో ఫైళ్లను పంచుకొను ఎస్.ఎం.బి. 1 అను పాతపద్ధతిలోని లోపమును పట్టుకొని, యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి దాదాపు 150 దేశములలో వ్యాపించెను. ఇంగ్లండులో వైద్యశాలల పనులు స్తంభించెను. ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖ కంప్యూటరులు కొన్ని చిక్కుకొనెను. ఆ లోపమునకు సవరణను మైక్రోసాఫ్టువారు అంతకు ముందు మార్చిలోనే యిచ్చియుండిరి. కంప్యూటరు "అప్‌డేటు" కోరినపుడు రేపటికని త్రోసివేయరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

చుట్టములు వచ్చినపుడు వారికి రౌటరులోని "గెస్టు" వైఫైని ఇచ్చుట మేలు. వారికి ఇంటర్నెట్టు లభించును, మన ఫోల్డరులు కనబడవు. మీ జాబులను, బ్యాంకు కాగితములను పొత్తులో పెట్టక, మీ పేర ప్రత్యేకమైన అకౌంటును, మీకే తెలిసిన పాస్‌వర్డును ఏర్పఱచుకొనుడు. ఇందు భర్తపట్ల గాని బిడ్డలపట్ల గాని అవిశ్వాస మేమియు లేదు.

ఇది మగవారి పనియని విడువకుడు. మీట నొక్కుట యెవరైనను చేయగలరు. ఇంటిలో ఏ వస్తువు ఎవరి చేతిలో నుండదగునో బాగుగ నెఱిగినది గృహిణియే. నేడే తీరిక చేసికొని, మీ యింట ఏ ఫోల్డరు ఎవరికి తెఱచియున్నదో స్వయముగా చూచుకొనుడు.