అమెరికా అడవిలో మూడు రాత్రుల గుడారం కాపురం

గోకవరం: అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా అక్కడి మేడల గురించి, రోడ్ల గురించి, మనవల ఇంగ్లీషు గురించి చెబుతారు. గోకవరం మండలంలోని ఒక మెట్ట గ్రామానికి చెందిన రైతు దంపతులు మాత్రం గుడారం గురించి, అడవిదున్న గురించి, నీటిలో వేయకుండా వెనక్కి తెచ్చుకున్న ఒక రూపాయి బిళ్ళ గురించి చెబుతున్నారు. 2023 ఆగస్టులో వారు ఎల్లోస్టోన్ జాతీయ వనంలో మూడు రాత్రులు గుడారంలో గడిపి వచ్చారు. "గొప్పకు చెప్పుకున్నట్టుంటుంది, మా పేర్లు వద్దు" అని ఇద్దరూ కోరారు.

అప్పటికి ఆయనకు 67 ఏళ్ళు, ఆమెకు 61. ఉన్నది మూడెకరాల మెట్ట. సగం జీడిమామిడి తోట, సగం మొక్కజొన్న. ఒక్కడే కొడుకు. సాల్ట్ లేక్ సిటీలో ఇంజనీరు. భూమి అమ్మేసి తమ దగ్గరకు వచ్చేయమని అతను కొన్నేళ్ళుగా పోరు పెడుతున్నాడు. కాదనలేక, అవుననలేక, ముందు చూసి వద్దామని ఆ ఏడాది జూలైలో ఇద్దరూ విమానం ఎక్కారు.

మంచె గుర్తుకు వచ్చింది

కొడుకు, కోడలు సెలవు పెట్టి, అడవిలో గుడారాలు వేసుకుని ఉందామన్నప్పుడు ఆమె ససేమిరా అన్నారు. "ఇంత ఇల్లు పెట్టుకుని గుడ్డ కింద పడుకోవడమేమిట్రా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నది ఆమె అభ్యంతరం. ఆయన మాత్రం నవ్వారు. పెళ్ళయిన కొత్తలో వారిద్దరూ పంట కాపలాకు మంచె మీద పడుకునేవారు. అడవి పందులు వస్తే ఆయన కేకలు వేసేవారు, ఆమె రేకు డబ్బా వాయించేవారు. "అప్పుడు ఎవరేమనుకున్నారే?" అన్నారాయన. దానితో ఆమె ఒప్పుకోక తప్పలేదు.

ఐదారు గంటల కారు ప్రయాణం తర్వాత వారు వనం పడమటి ద్వారం చేరారు. వయోమింగ్, మోంటానా, ఐడహో అనే మూడు రాష్ట్రాలలో ఈ వనం వ్యాపించి ఉంది. విస్తీర్ణం దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. మన పాపికొండల జాతీయ వనానికి ఇది సుమారు తొమ్మిది రెట్లు. కారుకు ప్రవేశ రుసుము అప్పట్లో ఏడు రోజులకు 35 డాలర్లు. 2026 నుంచి విదేశీ సందర్శకులకు తలకు మరో 100 డాలర్లు అదనంగా పెట్టారు కనుక, వెళ్ళదలచినవారు ఆ లెక్క వేసుకోవాలి. గుడారం వేసుకునే స్థలాన్ని కూడా నెలల ముందే రిజర్వు చేసుకోవాలి.

ద్వారం నుంచి 22 కిలోమీటర్లు లోపల, రెండు ఏర్లు కలిసే చోట మాడిసన్ అనే విడిది ఉంది. చదును చేసిన నేల, ఒక బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప చట్రం. ఒక్కో కుటుంబానికి ఇచ్చేది అంతే. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి గాని స్నానాల గదులు లేవు. తెల్లవారగానే తలారా స్నానం చేస్తేగాని పొయ్యి ముట్టించని ఆమె, ఆ మూడు రోజులూ తడి తువ్వాలుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. "దేవుడు చూస్తూనే ఉన్నాడు, అర్థం చేసుకుంటాడు" అని ఆమె అంటున్నారు.

ఆవకాయకు తాళం

ఆ అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయి. వాటికి తిండి వాసన ఎంతో దూరం నుంచి అందుతుంది. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ విడిదికి వస్తుంది. చివరకు దానిని చంపవలసిన పరిస్థితి కూడా ఏర్పడుతుంది. అందుకే తినేదీ, వండేదీ, వాసన వచ్చేదీ ఏదైనా సరే పని అయిపోగానే కారులోగాని, ఇనుప పెట్టెలోగాని పెట్టి మూసివేయాలన్నది గట్టి నిబంధన. గుడారంలో బిస్కట్టు ముక్క కూడా ఉండరాదు.

కోడలు ఆవకాయ సీసాను, పళ్ళపొడిని, సబ్బును, కొబ్బరినూనె సీసాను వరుసగా కారులో పెట్టి తాళం వేస్తుంటే అత్తగారికి ఒక సందేహం వచ్చింది. "సీసా సరేనమ్మా, తలకు రాసుకున్న నూనెను ఎక్కడ దాచను?" అని అడిగారు. మర్నాటి నుంచి ఆమె తలకు నూనె మానివేశారు.

మొదటి రాత్రి అన్నం ఉడకలేదు. నలభై ఏళ్ళుగా వండుతున్న చేతికి అది అవమానంగా తోచింది. ఎసరు తెర్లుతూనే ఉంది, మెతుకు మాత్రం పలుకు. ఆ చోటు సముద్ర మట్టానికి 6,800 అడుగుల ఎత్తున ఉండడమే ఇందుకు కారణం. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ. నీరు 100 డిగ్రీల దాకా వేడెక్కకుండా 93 డిగ్రీలకే మరిగిపోతుంది. రెండో రోజు కుక్కరు వాడారు. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే నీరు ఇంకా వేడెక్కుతుంది, అన్నం ఉడుకుతుంది.

భూమి పెట్టిన కుక్కరు

మర్నాడు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడి నీటి ఊటను చూసినప్పుడు ఈ కుక్కరే వారికి పాఠం చెప్పింది. ఎల్లోస్టోన్ నేల అడుగున అగ్నిపర్వతం ఉంది. దాని చివరి మహా విస్ఫోటనం 6 లక్షల ఏళ్ళకు పూర్వం జరిగింది. ఆ వేడి ఇంకా చల్లారలేదు. వాన నీరు, మంచు నీరు నేలలోకి ఇంకి, లోపల కాగి, ఇరుకైన సందులలో చిక్కుకుంటుంది. పైనున్న నీటి బరువు మూతలా పనిచేస్తుంది. ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆవిరితో సహా పైకి ఎగజిమ్ముతుంది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నీరు 100 నుంచి 180 అడుగుల ఎత్తుకు లేస్తుంది. మన తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టినంత. దాదాపు గంటన్నరకు ఒకసారి వస్తుంది. ముందు వచ్చినది ఎంతసేపు ఉన్నదో చూసి, తర్వాతిది ఎప్పుడు వస్తుందో వనం సిబ్బంది అంచనా వేసి బోర్డు మీద పెడతారు. "కరెంటు కంటే నయం, చెప్పిన వేళకు వచ్చింది" అన్నారు రైతు. ఇటువంటి చిమ్మే ఊటలు ఆ వనంలో 500కు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని మొత్తం ఊటలలో ఇవి సగమని అంచనా.

ఊటల చుట్టూ నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది. కాని అది పలుచని పెచ్చు, కింద సలసల కాగే నీరు. అందుకే చెక్క బాట దిగి అడుగు పక్కకు వేయరాదు. ఇప్పటి వరకు ఈ వేడి నీటిలో పడి 20 మందికి పైగా మరణించారు.

కొంగున కట్టిన రూపాయి

అక్కడికి రెండు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే మార్నింగ్ గ్లోరీ అనే కొలను వస్తుంది. ఉదయం విరిసే నీలి పువ్వు పేరు అది. బొడ్డుతాడులా సన్నగా లోపలికి దిగిపోయే బిలం, నిండా కదలని నీరు. చూడగానే ఆమె రెండు చేతులూ జోడించారు. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీశారు. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్ళేటప్పుడు గోదావరి తల్లికి బిళ్ళ వేయకుండా ఆమె ఎన్నడూ దాటలేదు. ఈ గంగమ్మకూ ఒకటి వేద్దామని ఇంటి నుంచే కట్టుకుని వచ్చారు.

కొడుకు గబుక్కున చేయి పట్టుకున్నాడు. అంత మందిలో చేయి పట్టుకుని ఆపినందుకు ఆమె ముఖం చిన్నబోయింది. అతను మెల్లగా అక్కడి చరిత్ర చెప్పాడు. ఒకప్పుడు ఆ కొలను నిండా నీలంగా ఉండేది. వచ్చినవారందరూ సరదాకు బిళ్ళలు, రాళ్ళు, చెత్త వేశారు. బిలం పూడుకుపోయి, కింది నుంచి వేడి రావడం తగ్గింది. నీరు చల్లబడిన కొద్దీ అంచున బతికే పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు నడిమికి పాకాయి. నీలం కుంచించుకుపోయింది. 1950లో వనం అధికారులు నీటి మట్టం తగ్గించి, కొలను తనంత తాను కక్కేటట్టు చేశారు. 86 డాలర్లకు పైగా విలువైన సెంటు బిళ్ళలే బయట పడ్డాయి. వాటితోపాటు సీసాలు, డబ్బాలు, చేతిరుమాళ్ళు, తువ్వాళ్ళు వచ్చాయి. అయినా పాత రంగు పూర్తిగా తిరిగి రాలేదు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత రూపాయిని మళ్ళీ కొంగున ముడి వేశారు. "గోదారిది పారే నీరు, ఇది ఊట నోరు. నోట్లో బిళ్ళ వేస్తే ఎవరికైనా ఊపిరాడుతుందా?" అన్నారు. దండం మాత్రం పెట్టుకుని వచ్చారు.

చీకట్లో అడవిదున్న

రెండో రాత్రి గండం గడిచింది. తెల్లవారుజామున ఆమె టార్చి పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్ళారు. నాలుగు గుడారాల అవతల. తిరిగి వచ్చేసరికి ఆమెకూ గుడారానికీ నడుమ నల్లని కొండలా ఒక బైసన్ నిలబడి గడ్డి మేస్తోంది. మన పాపికొండల అడవిదున్న జాతికి ఇది చుట్టం. మగది 900 కిలోల బరువు తూగుతుంది, గంటకు 50 కిలోమీటర్లకు మించి పరిగెత్తగలదు. దానికి కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలి. ఎలుగుబంటికి, తోడేలుకు అయితే 91 మీటర్లు.

అలికిడికి లేచిన భర్త, పాత అలవాటు కొద్దీ పళ్ళెం, గరిటె కోసం తడుముకున్నారు. అవి కారులో ఉన్నాయి. కేక వేయబోయారు. పక్క గుడారం నుంచి కోడలు "మావయ్యా, వద్దు. బెదిరితే అత్తయ్య మీదికే వెళుతుంది" అన్నది. అరుద్దామంటే భయం, ఊరుకుందామంటే భయం. "అత్తయ్యా, వెనక్కి వెళ్ళి గదిలో తలుపు వేసుకోండి" అని కోడలే నెమ్మదిగా చెప్పింది. ఆమె టార్చి ఆర్పి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి లోపలికి వెళ్ళారు.

ఇరవై నిమిషాలు. గడ్డి తెంపుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. "మంచె మీద ఎన్ని రాత్రులున్నా ఇంత పొడుగు రాత్రి చూడలేదు" అని ఆయన అంటున్నారు. చివరకు దున్న తన దారిన తాను ఏటి వైపు వెళ్ళిపోయింది. వచ్చి కూర్చున్న భార్య చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయట. ఆయన ఆమె చేతులు నెగడు దగ్గర కాచారు. ఆ తర్వాత ఇద్దరూ పడుకోలేదు.

1902లో ఆ వనంలో ఈ దున్నలు రెండు డజన్లు కూడా మిగలలేదు. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇది ఎలా సాధ్యమైందో ఆ రాత్రి తెలిసిందంటారు ఆయన. అయితే రైతుగా ఒక మాట కూడా అంటారు. "అక్కడ దున్న మేసేది సర్కారు గడ్డి. మన పంది మేసేది నా పంట. ఓర్పు ఇద్దరికీ ఒకే ఖరీదు కాదు."

ఆరిన చుట్ట, అమ్మని నేల

మూడో రోజు ఎల్లోస్టోన్ నది లోయను, 308 అడుగుల నుంచి దూకే దిగువ జలపాతాన్ని చూశారు. దారి పొడవునా పైన్ చెట్లు నారు పోసినట్టు ఒకే ఎత్తున ఉండడం రైతు కంటబడింది. 1988 వేసవిలో ఆ వనంలో మూడో వంతుకు పైగా కాలిపోయింది. ఆ నిప్పులలో పెద్దదైన నార్త్ ఫోర్క్ మంట, వనం సరిహద్దు అవతల కట్టెలు కొట్టేవారు పారవేసిన సిగరెట్టు నుంచి మొదలైంది. నిప్పు సెగకే కాయలు విచ్చుకుని గింజలు రాలి, చెట్లన్నీ ఒకేసారి మొలిచాయి. అది విన్న ఆయన చేతిలోని చుట్టను నీళ్ళతో ఆర్పి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఊళ్ళో జీడితోటలోనూ ఇప్పుడు అదే పద్ధతి.

సాయంత్రం విడిదిలో వనం ఉద్యోగి సందర్శకులకు కథలు చెప్పారు. 1870లో అన్వేషకుల బృందం ఒకటి అక్కడే నెగడు వేసుకుని, ఈ నేలను ఎవరి సొంతమూ కానీయకూడదని అనుకున్నదట. ఆ మాటలు నిజంగా జరిగాయా అని చరిత్రకారులకు సందేహం ఉంది. 1872 మార్చి 1న వచ్చిన చట్టం మాత్రం నిజం. ఆ నేలను అమ్మరాదు, ఆక్రమించరాదు, ప్రజల కోసం ఉంచాలని అది శాసించింది. ప్రపంచంలో మొదటి జాతీయ వనంగా దీనినే చెబుతారు.

కొడుకు అదంతా తెలుగులో చెప్పగా విని, "అంతకు ముందు అక్కడ మనుషులు లేరా?" అని రైతు అడిగారు. ఉన్నారు. 11 వేల ఏళ్ళకు పైగా ఆదివాసులు ఆ నేల మీద తిరిగారు. షోషోనీ తెగవారు కొండగొర్రెలను వేటాడుతూ అక్కడే బతికారు. వనం ఏర్పడిన కొద్ది ఏళ్ళకే వారిని పంపించి వేశారు. దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ చేసి వచ్చిన పోలవరం నిర్వాసితులను చూసిన ఆయనకు ఆ సంగతి వేరే వివరించనక్కర లేకపోయింది.

ఆ రాత్రే నెగడు దగ్గర కొడుకు మళ్ళీ భూమి మాట ఎత్తాడు. "అమ్మకూడదని చట్టం రాసుకున్న నేల చూపించి, ఉన్న మూడెకరాలు అమ్మమంటావేమిట్రా?" అని తండ్రి నవ్వేశారు. కొడుకూ నవ్వాడు గాని, తర్వాత చాలాసేపు నిప్పు కేసి చూస్తూ కూర్చున్నాడని తల్లి చెబుతున్నారు. ఏటా ఒకసారి తామే వస్తామని కోడలు మాట ఇచ్చింది.

ఆ ఏడాది డిసెంబరులో దంపతులు ఊరు చేరారు. హైదరాబాదు నుంచి వచ్చే రైలు గోదావరి వంతెన మీదికి రాగానే ఆమె అలవాటుగా కొంగు ముడి విప్పారు. చేతికి వచ్చింది ఆ రూపాయే. కొంతసేపు చూసి, మళ్ళీ ముడి వేశారు. ఇప్పుడది వారి దేవుడి గూట్లో పసుపు కుంకాల పక్కన ఉంది. గోదావరికి ఆ రోజు దండం ఒక్కటే దక్కింది.