కుక్కను తెచ్చుకునే ముందు గడియారం చూసుకోండి

జర్మనీలో కాపురం పెట్టిన మన కుటుంబాల్లో పిల్లలకు ఆరేడేళ్ళు వచ్చేసరికి ఒక కోరిక పుడుతుంది. "మా క్లాసులో సగం మంది యిళ్ళల్లో కుక్క ఉంది, మనకెందుకు లేదు?" అని. ఈ దేశంలో కోటికి పైగా పెంపుడు కుక్కలున్నాయి కనుక ఆ ప్రశ్నలో వింతేమీ లేదు. దానికి తండ్రి "చూద్దాంలే" అంటాడు. తల్లి "దాని చాకిరీ ఎవరు చేస్తారు?" అంటుంది. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మమ్మ "ఇంట్లోకి కుక్కా! శివ శివా!" అంటుంది. ఈ ముగ్గురిలో అసలు ప్రశ్న వేసింది తల్లేనని మా అభిప్రాయం. మేము పశువైద్యులం కాము, మనుషుల వైద్యులం. అయినా ఈ మధ్య మన వాళ్ళు ఎక్కడ కలిసినా "ఏ జాతి కుక్క మంచిదండీ?" అని మమ్మల్ని అడుగుతున్నారు గనుక, తెలిసిన నాలుగు ముక్కలూ యిక్కడ రాస్తున్నాం.

ముందు అమ్మమ్మ మాట. ఆవిడ భయాన్ని చాదస్తమని తీసిపారెయ్యకండి. మన ఊళ్ళల్లో కుక్క అనగానే గుర్తొచ్చేది రేబీస్. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడిపించుకున్న తరం ఆవిడది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకా తయారీ 2005 నాటికి మన దేశంలో పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు ఇంజెక్షన్లతో సరిపోతుంది. జబ్బు మాత్రం పోలేదు. మేము హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో అలాంటి రోగిని చూశాం. దాహంతో నాలుక పిడచకట్టుకు పోతున్నా, నీళ్ళ గ్లాసు దగ్గరకు తెచ్చేసరికి గొంతు బిగుసుకుపోయి గిలగిలలాడిపోయాడు. లక్షణాలు బయటపడ్డాక వైద్యుడు చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

జర్మనీలో, గబ్బిలాల సంగతి పక్కన పెడితే, 2008 నుంచి ఈ జబ్బు లేదు. కాని బయటినుంచి రావచ్చు. 2021లో టర్కీ నుంచి అక్రమంగా తెచ్చిన ఒక కుక్కపిల్ల బ్రేమెన్‌లో రేబీస్‌తో చనిపోయింది. పరాయి దేశం నుంచి తెచ్చే పిల్లకు పన్నెండు వారాలు నిండాకే టీకా వెయ్యాలి, ఆ పైన 21 రోజులు ఆగాలి. అంటే పదిహేను వారాలకన్నా చిన్న పిల్లను సరిహద్దు దాటించి తెచ్చారంటే ఏదో ఒక కాగితం దొంగదన్నమాట. సగం ధరకే వస్తోందని కారు డిక్కీలోంచి పిల్లను కొనకండి. ఈ సంగతులు చెబితే అమ్మమ్మ భయం సగం పోతుంది. మిగతా సగం మడికి సంబంధించినది, అందులో వైద్యులు తలదూర్చకపోవడం మంచిది. ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కను వదిలి రానన్న కథ చెప్పింది మీరే కదా అని మనవలే అడుగుతారు.

ఇక తల్లి ప్రశ్న. జాతి సంగతి ఎత్తే ముందు ఒక కాగితం మీద వారంలో ఏడు రోజులూ గీసి, ఏ గంటకు ఇంట్లో ఎవరుంటారో రాయండి. ఎదిగిన కుక్క, మెల్లగా అలవాటు చేస్తే, నాలుగైదు గంటలు ఒంటరిగా ఉండగలదు. పిల్ల అయితే అదీ కష్టమే. రోజూ తొమ్మిది గంటలు తాళం వేసి వెళ్ళిపోతే అది తలుపు గీరుతుంది, సోఫా చింపుతుంది, లేదా ఊళపెడుతుంది. దాన్ని చెడ్డ కుక్క అనడం అన్యాయం. ఇక్కడి కుక్కల సంరక్షణ నిబంధనలు 2001 నాటివి, 2022 జనవరి నుంచి వాటిని మరింత బిగించారు. కుక్కను ఆరుబయట చాలినంత తిప్పాలనీ, యజమాని రోజుకు పలుమార్లు దానితో గడపాలనీ అందులో ఉంది. మన దేశంలో వీధి కుక్కకు ఈ హక్కులేవీ లేవు గాని, దానికి వీధంతా ఉంది, తోడుకు మరో పది కుక్కలున్నాయి. ఇక్కడి కుక్కకు మీరు తప్ప దిక్కు లేదు.

మా యింటి లెక్క చెబుతాం. మేమిద్దరమూ ఆసుపత్రి ఉద్యోగులమే, ఇద్దరికీ రాత్రి డ్యూటీలున్నాయి. కాగితం మీద వేసి చూస్తే వారంలో కనీసం రెండు రోజులు పదేసి గంటలు ఇల్లు ఖాళీ. అందుకని మాకు కుక్క లేదు. మా అమ్మాయికి ఈ లెక్క నచ్చలేదు, రెండు రోజులు మాతో మాట్లాడలేదు. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, ఆవిడ డాకెల్‌కు నడక కావాలి. వారానికి మూడు సాయంత్రాలు మేము దాన్ని తిప్పుతాం. మనలో చాలామందికి సరిపోయే జాతి ఇదేనేమో, పక్కింటివాళ్ళ కుక్క! జనవరి చలిలో, సన్నగా మంచు కురుస్తుండగా, అరగంట సేపు గొడుగు పట్టుకుని తిరిగాక కూడా పిల్లకు ఉత్సాహం మిగిలిందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. మా అమ్మాయికి మిగిలింది, ఆ మాట చెప్పి తీరాలి.

గంటల లెక్క కుదిరినవాళ్ళు జాతి సంగతికి రావచ్చు. మన వాళ్ళు రంగు, బొచ్చు, ముద్దు ముఖం చూసి ఎంచుతారు. మేమనేది, దాని తాతముత్తాతలను ఏ పని కోసం పెంచారో అడగండి. ఆ పని మానేసి వంద ఏళ్ళయినా స్వభావం మానదు.

డాకెల్‌నే తీసుకోండి. 'డాక్స్' అంటే బొరియల్లో ఉండే బాడ్జర్ అనే జంతువు. దాని బొరియలోకి దూరి, చీకట్లో దానితో తలపడి, పైన నేల మీద నిలబడ్డ వేటగాడికి వినపడేలా మొరగడం డాకెల్ పని. అందుకే అంత చిన్న ఒంట్లో అంత పెద్ద గొంతు. నేల అడుగున సలహా చెప్పే యజమాని ఉండడు కనుక సొంత నిర్ణయాలు తీసుకోవడం అలవాటయింది. మేము తిప్పే డాకెల్‌ను పిలిస్తే ఒక నిమిషం ఆలోచించి, పని ఉందనుకుంటే వస్తుంది. జర్మనులకు ఈ మొండితనమంటే మహా ముద్దు. దాని పేరు మీద 1888 నుంచి ఒక క్లబ్బు నడుస్తోంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు చిహ్నంగా వాల్డి అనే రంగురంగుల డాకెల్‌ను పెట్టారు. ఒలింపిక్స్‌లో అధికారికంగా పెట్టిన మొదటి బొమ్మ అదే. ఆ ఏటి మారథాన్ దారిని కూడా దాని ఆకారంలోనే గీశారు.

కాని వైద్యుల కంటికి కనపడేది దాని వెన్ను. కాళ్ళు పొట్టిగా ఉండడానికి కారణమైన లోపమే వెన్నుపూసల మధ్యనున్న మెత్తటి దిండ్లను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. ఒక రోజు అది జారి నరాన్ని నొక్కితే వెనక కాళ్ళు పడిపోతాయి. లావెక్కనివ్వకూడదు, మెట్లమీద గెంతనివ్వకూడదు. లిఫ్టు లేని పాత భవనంలో నాలుగో అంతస్తు మీదైతే, తొమ్మిది కిలోల కుక్కను రోజుకు మూడు నాలుగుసార్లు చంకనెత్తుకుని దిగాలి, ఎక్కాలి. అది పదిహేనేళ్ళు బతికినా బతుకుతుంది. అప్పటికి మీ నడుము ఎలా ఉంటుందో చూసుకోండి.

మన ఊళ్ళో పోలీసు కుక్క అనిపించుకునే జర్మన్ షెపర్డ్ అసలు గొర్రెల కాపరి. మాక్స్ ఫాన్ ష్టెఫానిట్స్ అనే సైనికాధికారి 1899లో దానికి సంఘం పెట్టి పనికి తీర్చిదిద్దాడు. 'అల్సేషియన్' అని మనం నేర్చుకున్న పేరు ఇంగ్లీషువాళ్ళది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ అనే మాట నోటికి చేదై అలా పిలిచారు, 1977లో మళ్ళీ పాత పేరుకు వచ్చారు. రాట్‌వైలర్ రాట్‌వైల్ పట్నపు కసాయివాళ్ళ కుక్క, పశువులను తోలేది, బండి లాగేది. డాబర్‌మాన్‌ను తయారు చేసినాయన ఆపోల్డాలో పన్నులు వసూలు చేసేవాడని చెబుతారు. ఇవన్నీ తెలివైనవి, నమ్మకమైనవి, రోజూ పని అడిగేవి. కాపలాకని కొని బాల్కనీలో ఉంచేవాళ్ళు వీటి జోలికి పోకూడదు. యువకులు మోజుపడే బార్డర్ కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు అంతకంటే ఒక మెట్టు పైన. గొర్రెలు దొరకకపోతే పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలను ఒక మూలకు తోలి నిలబెడతాయి. వైమరానర్ అందంగా ఉంటుందని అడిగేరు, దాని క్లబ్బు పెంపకందార్లు పిల్లలను వేటగాళ్ళకు తప్ప ఇవ్వరు. మంచి పద్ధతి అనుకుంటాం.

మన తెలుగు ఇళ్ళల్లో ఒకప్పుడు తెల్లగా బొచ్చుతో గేటు దగ్గర మొరుగుతూ ఉండే 'పమేరియన్' గుర్తుందా? దాని పుట్టిల్లు ఈ దేశమే. పొమరేనియా అనే బాల్టిక్ తీరపు ప్రాంతం పేరు అది. ఇక్కడ స్పిట్జ్ అంటారు. పొలాల్లోనూ ద్రాక్షతోటల్లోనూ కొత్తవాడు వస్తే కేక వేసి చెప్పడానికి పెంచారు. కుందేలు కనపడ్డా వెంటపడి పోదు, ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. పిల్లలున్న ఇంటికి బాగా సరిపోయే గుణం ఇది. చిక్కల్లా నోరు. మొరిగే కుక్క కరవదని మనకు సామెత ఉంది గాని, ఇక్కడ మొరిగే కుక్క మీద పక్కింటివాళ్ళు ఉత్తరం రాస్తారు. విచారమేమంటే వీటిలో పెద్ద రకం స్పిట్జ్ ఇప్పుడు జర్మనీలోనే అరుదైపోయింది.

పగ్ సంగతి సూటిగా చెబుతాం. 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన ఆ కుక్కను చూసి మన దేశమంతా దాన్ని కొన్నది. అణిగిపోయిన ముక్కు, కిక్కిరిసిన గొంతు, ఎండాకాలం నాలుగడుగులు వేస్తే గురక. మనిషి అలా ఊపిరి తీస్తుంటే ఆసుపత్రిలో చేర్చుకుంటాం, కుక్క అయితే ముద్దుగా ఉందంటాం. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌దీ ఇదే కథ. ఇలా బాధపడే రూపాలను పెంచడం జర్మన్ జంతు సంరక్షణ చట్టం ఒప్పుకోదు, 2022 నుంచి అలాంటి కుక్కలను ప్రదర్శనలకు కూడా తేనివ్వడం లేదు. అయినా అమ్మకాలు ఆగలేదు.

ఎలర్జీ ఉన్నవాళ్ళు పూడిల్ తెచ్చుకోవచ్చా అని అడుగుతారు. పూడిల్ తెలివైనది, నీళ్ళలో దిగి బాతులు తెచ్చిన వంశం, బొచ్చు పెద్దగా రాల్చదు, కాని రెండు నెలలకోసారి క్షవరం తప్పదు. తుమ్ములు తెప్పించేది బొచ్చు కాదు, ఉమ్మిలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే ప్రోటీను. ఎలర్జీ రాదని అమ్మే జాతుల ఇళ్ళల్లో అది తక్కువేమీ లేదని 2011, 2012లలో వచ్చిన పరిశోధనలు తేల్చాయి. ఆస్తమా ఉన్న పిల్లవాడిని ఆ కుక్క దగ్గర నాలుగైదుసార్లు గంటసేపు కూర్చోబెట్టి చూశాకే నిర్ణయించుకోండి.

ఖర్చూ చట్టమూ క్లుప్తంగా. కుక్కకు పన్ను ఉంది, ప్రష్యాలో 1810లో విలాస పన్నుగా మొదలైంది. ఊరిని బట్టి మారుతుంది: బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోలు, రెండోదానికి 180. అది ఎవరినైనా కరిచినా, సైకిలుకు అడ్డుపడి ఎవరైనా పడ్డా, మీ తప్పు లేకపోయినా బాధ్యత మీదే, కనుక మీ రాష్ట్రంలో తప్పనిసరి కాకపోయినా బీమా కట్టండి. కొన్ని జాతులను ప్రమాదకరమైనవిగా జాబితాలో పెట్టిన రాష్ట్రాలున్నాయి, బవేరియాలో రాట్‌వైలర్ కూడా ఆ జాబితాలో ఉంది. పిట్‌బుల్ వగైరా నాలుగు జాతులను 2001 నుంచి దేశంలోకే తేకూడదు. అద్దె ఇంట్లో కుక్కలూ పిల్లులూ అసలే కూడదనే షరతు చెల్లదని 2013లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ మాట పట్టుకుని అనుమతి అడగకుండా తెచ్చుకోవచ్చని అనుకోకండి, ఇరువైపుల సంగతీ చూసి తేల్చాలన్నదే తీర్పు.

మనకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. ఏటా నాలుగు వారాలు ఇండియా ప్రయాణం. ఆ నెల దాన్ని ఎవరు చూస్తారో కొనక ముందే తేల్చుకోవాలి. వెంట తీసుకువెళ్ళే వారు బయలుదేరక ముందే రేబీస్ రక్తపరీక్ష చేయించి దాని పాస్‌పోర్టులో రాయించుకోవాలి. లేకపోతే తిరిగి రావడానికి పరీక్ష అయ్యాక మూడు నెలలు ఆగాలి. మీ సెలవు అయిపోతుంది, కుక్క విజయవాడలో ఉండిపోతుంది.

ఈ లెక్కలన్నీ దాటినవాళ్ళకు మా సలహా, పిల్లను కొనే ముందు ఒకసారి టీర్‌హైమ్‌కు వెళ్ళి రండి. దిక్కులేని జంతువులను ఉంచే ఈ ఆశ్రమాలు ప్రతి పెద్ద ఊరి దగ్గరా ఉన్నాయి. బెర్లిన్ శివార్లలో ఫాల్కెన్‌బెర్గ్‌లోనిది యూరప్‌లోనే పెద్దవాటిలో ఒకటి. కరోనా రోజుల్లో ఇంట్లో ఊసుపోక తెచ్చుకుని, ఆఫీసులు తెరిచాక వదిలేసినవి ఎన్నో ఇలాంటి చోట్లకు చేరాయి. అక్కడ ఐదారేళ్ళ కుక్కను అడగండి. దాని ఒళ్ళూ బుద్ధీ అప్పటికే తేలిపోయి ఉంటాయి. పిల్లలతో ఎలా ఉంటుందో, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదో రోజూ చూసే పనివాళ్ళు చెబుతారు. వాళ్ళు మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ వేళలు అన్నీ అడుగుతారు, ఇంటికి వచ్చి చూసినా చూస్తారు. మన వాళ్ళు కొందరు దీన్ని అవమానంగా తీసుకుంటారు గాని, ఆడపిల్ల నిచ్చేవాళ్ళు అడగరా? మొదటిసారి పిల్లలను వెంట తీసుకువెళ్ళకండి. గీసిన ఆ గంటల కాగితం తీసుకువెళ్ళి వాళ్ళ ముందు పెట్టండి.