మీకు తెలుసా? సాయంత్రం కాఫీ, నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున

మనిషి ఎస్‌ప్రెసో కాఫీ కాచుకుని తాగిన చోట్లలో అన్నిటికంటే ఎత్తైనది, భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం!

2015 మే 3న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అక్కడ తొలి కప్పు తాగారు. అంతకుముందు అక్కడివాళ్లకు దొరికింది పొడి కాఫీయే. సంచిలో వేడినీళ్లు పట్టి, స్ట్రాతో పీల్చాల్సిందే. ఆ తొలి కప్పును కాచిన, ఇటలీ సంస్థలు లవాజా, ఆర్గోటెక్ కలిసి తయారుచేసిన యంత్రం పేరు ఐఎస్ఎస్‌ప్రెసో. బరువు సుమారు 20 కిలోలు. వేడినీళ్లు చిమ్మితే ప్రమాదం కనుక అవి పారే గొట్టాన్ని ఉక్కుతో చేశారు.

అసలు ముచ్చట కప్పుది. బరువు తెలియని ఆ చోట మామూలు కప్పును ఎంత వంచినా కాఫీ పెదవుల దాకా జారదు. 2008లో అమెరికా వ్యోమగామి డాన్ పెటిట్ కేంద్రంలోనే ఒక ప్లాస్టిక్ షీటును మడిచి, ఒక పక్క సన్నని మూల వచ్చేలా కప్పు చేసుకున్నారు. తలతన్యత వల్ల కాఫీ ఆ మూల వెంట దానంతటదే అంచుకు పాకుతుంది. చేతిలో ఉన్న షీటుతో ఇంత సులువైన ఉపాయం తట్టడం ఎంతైనా మెచ్చుకోదగ్గది. క్రిస్టోఫొరెట్టి తాగిన కప్పు ఆ నమూనాను మెరుగుపరిచి చేసిందే.

కాఫీలోని నీళ్లు కూడా చాలావరకు వ్యోమగాముల చెమట, మూత్రం నుంచి శుద్ధి చేసినవే. ఇక సాయంత్రమంటారా, 90 నిమిషాలకోసారి భూమిని చుట్టే ఆ కేంద్రంలో రోజుకు 16 సూర్యాస్తమయాలు.