జారే పలకల కళ్లజోడు

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో, బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడవా కళాకారులు ఇత్తడి బొమ్మలు పోత పోస్తారు. మన ఆదిలాబాద్ డోక్రా చూసినవాళ్లకు ఈ పని కొత్త కాదు. మట్టితో లోపలి ఆకారం చేసి, దాని మీద సన్నని మైనం తీగలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. తీగ ఎక్కడ వంకర పోతే ఇత్తడీ అక్కడే వంకర పోతుంది. జయదేవ్ బఘేల్ లాంటివాళ్ల వల్ల దేశం దాటి పేరు తెచ్చుకున్న పని ఇది. దీంట్లో చెయ్యి బాగా తిరిగేసరికి నలభై ఏళ్లు వచ్చేస్తాయి. చత్వారం వచ్చేదీ అప్పుడే. పనితనం పండే వయసులోనే దగ్గరి చూపు తప్పుకోవడం నాకు పెద్ద అన్యాయంగా తోస్తుంది.

కంటిలోని కటకం జీవితాంతం పొరలు వేసుకుంటూనే ఉంటుంది. పాత పొరలు బయటికి పోయే దారి లేదు, లోపలే నొక్కుకుపోయి గట్టిపడతాయి. దూరం చూస్తున్నప్పుడు చుట్టూ ఉన్న సన్నని దారాలు కటకాన్ని లాగి పలచగా ఉంచుతాయి. దగ్గరి వస్తువు చూడాలంటే సిలియరీ కండరం బిగుస్తుంది, దారాలు వదులవుతాయి, కటకం తనంతట తాను ఉబ్బుతుంది. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ ఇచ్చిన ఈ వివరణనే ఇప్పటికీ పాఠాల్లో చెబుతున్నాం. గట్టిపడిన కటకం దారాలు వదులైనా ఉబ్బదు. డచ్ వైద్యుడు డాండర్స్ వేసిన లెక్కలో పదేళ్ల పిల్లల కన్ను 14 డయాప్టర్ల (కటకం పవర్‌కు కొలత) దాకా సర్దుకుంటుంది, 40 ఏళ్లకు అది 4.5కి, 60కి ఒకటికి దిగుతుంది. మైనం తీగను 33 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలంటే 3 డయాప్టర్లు కావాలి. ఉన్న శక్తంతా గంటల తరబడి ఖర్చు పెడితే కన్ను అలసిపోతుంది కాబట్టి, లెక్కకు సరిపోతుందనిపించే వయసులోనే చెయ్యి చాచి చూడడం మొదలవుతుంది.

ప్లస్ అద్దాలు పెట్టుకుంటే తీగ కనిపిస్తుంది, తల ఎత్తి కొలిమి వైపు చూస్తే మసక. రెండు అద్దాలను సగానికి కోసి ఒకే ఫ్రేములో బిగించుకున్న సంగతి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లోనే ఉత్తరంలో రాశాడు. అదీ రెండు దూరాలకే. కావలసినప్పుడు కావలసినంత పవర్ ఇచ్చే అద్దం ఉంటే?

తరగతిలో ఘనాల సూత్రాలు చెప్పే రోజు "ఇవి ఎక్కడ పనికొస్తాయి సార్?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. నా జవాబు లూయీ అల్వరెజ్. 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. రాక్షసబల్లులు ఉల్కాపాతంతో అంతరించాయని కొడుకుతో కలిసి చెప్పిందీ ఆయనే. నాకు మాత్రం యాభై దాటాక, 1964లో ఆయన పేటెంటుకు పంపిన, రెండు పలకలు జరిపి పవర్ మార్చే కటకమే ఎక్కువ ఇష్టం.

బోర్డు మీద 1, 2, 3, 4 రాయండి. ప్రతి అంకెకూ ఒకటి కలిపి ఘనం కట్టండి, అదే అంకెలోంచి ఒకటి తీసి ఘనం కట్టండి. మొదటి ఘనంలోంచి రెండోది తీసేస్తే వరుసగా 8, 26, 56, 98 వస్తాయి. అన్నిట్లోంచీ 2 తీసేయండి: 6, 24, 54, 96. ఆరుతో భాగించండి: 1, 4, 9, 16. ఘనాలతో మొదలుపెడితే వర్గాలు తేలాయి!

ఇప్పుడు వాటిని ప్లాస్టిక్ మందం అనుకోండి. మామూలు కటకంలో నడిమి నుంచి అంచుకు పోయేకొద్దీ మందం దూరం వర్గాన్ని బట్టి మారుతుంది. అల్వరెజ్ పలకలో అది ఘనాన్ని బట్టి మారుతుంది, ఒక పక్కకు పెరుగుతూ, రెండో పక్కకు తగ్గుతూ. దీని ఉబ్బులకు సరిగ్గా సరిపోయే గుంటలతో రెండో పలక ఉంటుంది. రెండూ ఎదురెదురుగా కుదిరితే అంతటా ఒకటే మందం, పవర్ సున్నా. ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు కాస్త జరపండి. బోర్డు మీద మనం చేసిన తీసివేత పలకల మధ్య జరిగిపోతుంది, మిగిలేది వర్గం. అంటే కటకం! తీసిపారేసిన ఆ 2 అంతటా ఒకేలా ఉండే మందం మాత్రమే, అది వెలుగును వంచదు. రెట్టింపు జరిపితే పవర్ రెట్టింపు. వెనక్కి జరిపితే ప్లస్ పోయి మైనస్ వస్తుంది.

ఇది జరిపే దిశలో లెక్క. నిలువు దిశలోనూ అంతే వంపు రాకపోతే బొమ్మ సాగిపోతుంది. అందుకని పలక నిలువు వంపును కూడా ఒక చివర ఉబ్బుగా, మరో చివర లోతుగా, మధ్యలో సమంగా క్రమంగా మారేట్టు పెట్టాడు. పలకలు జరిగినప్పుడు ఆ వంపుల తేడా ప్రతిచోటా సమానం. గట్టి పలకలు ఏమాత్రం వంగకుండా, ముదిరిన కటకం చేయలేని పని చేస్తాయి. ఇంతకన్నా అందమైన తీసివేతను నేను ఎరగను.

అయితే దీన్ని తయారు చేయడం కష్టం. రెండు గాజులను రాపిడి పొడితో ఒకదాని మీద ఒకటి అన్ని వైపులా రుద్దుతుంటే గోళపు వంపు తనంతట తానే వస్తుంది. ఘనపు వంపు అలా రాదు. అందుకే ఈ ఊహ మొదట కంటి పవర్ కొలిచే యంత్రాల్లోకి వెళ్లి, ప్లాస్టిక్ అచ్చులు బాగుపడ్డాకే చవక కళ్లజోళ్లలోకి వచ్చింది. ఈలోగా ఆక్స్‌ఫర్డ్‌లో జోషువా సిల్వర్ 1985లో మరో దారి పట్టాడు. పలచని పొరల మధ్య సిలికాన్ నూనె నింపి, సిరంజితో ఎక్కిస్తూ తీస్తూ వంపు మార్చడం ఆయన పద్ధతి. అది కన్ను చేసే పనికి దగ్గరగా ఉంటుంది. అయినా కొలిమి పక్కన కూర్చునే మనిషికి నా ఓటు పలకలకే, కారేందుకు అందులో ఏమీ లేదు. మధ్యలో దుమ్ము దూరితే గీతలు పడతాయి, ఆ జాగ్రత్త తప్పదు.

ఎవరి పవర్ వాళ్లే సరిచేసుకుంటే పొరపాటు రాదా? పిల్లల్లో వస్తుంది. వాళ్ల కటకం ఇంకా ఉబ్బగలదు కాబట్టి అవసరానికి మించిన మైనస్‌నూ భరించేస్తుంది. చత్వారం వచ్చిన కంటికి ఆ వెసులుబాటు లేదు, అందువల్ల దాని తీర్పును ఎక్కువ నమ్మవచ్చు. అక్షరాల చార్టు కూడా అక్కర్లేదు, పని చేసే దూరంలో పనిముట్టునే చూస్తూ పలకలు జరుపుకోవచ్చు. అడ్డం నిలువుల్లో పవర్ తేడా ఉన్న సైటును మాత్రం ఈ అద్దాలు దిద్దలేవు.

ఎంత జరిపినా మసక వదలకపోతే అది శుక్లం కావచ్చు. నీటికాసులైతే మొదట్లో మసక కూడా చూపించవు, అందుకే నలభై దాటాక కంటి డాక్టరు పరీక్ష తప్పనిసరి. శుక్లం తీసి పెట్టే కటకం మామూలుగా ఒకే దూరానికి కుదురుతుంది, అది ఉబ్బదు. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా దగ్గరి పనికి ప్లస్ కావాలి, ఆ ప్లస్‌ను ఈ పలకలే ఇవ్వగలవు.