వాంపం పూసలు

'చిల్లిగవ్వకు కొరగాదు' అని మనమొక వస్తువును నిరసింతుము. ఆ మాటను బట్టి చూడగా చిల్లిపడిన గవ్వ యెందులకును పనికిరానిది. సోదరీమణులారా! ఉత్తర అమెరికా తూర్పుతీరమున నిందుకు విపర్యయము. అచ్చటి ఆదిమజాతులకు గుల్ల చిల్లిపడిన పిమ్మటనే విలువ.

ఆ పూసల పేరు వాంపం. తెల్లవి శంఖజాతి గుల్లలనుండియు, ఊదావి క్వాహాగ్ అను దళసరి చిప్పనుండియు చేయుదురు. చిప్పను ముక్కలుగ గొట్టి, రాతిపై నరుగదీసి, సన్నని గొట్టమువలె మలచి, నడుమ బెజ్జము వేయవలెను. ఊదాముక్క మిక్కిలి కఠినము, తొందరపడిన పగులును. వీనిని వరుసలుగ నల్లినచో వెడల్పైన పట్టీ యగును. ఆంగ్లేయులు దానికి నడికట్టు పేరు పెట్టిరిగాని, సభలో చేతబట్టి చూపుటకే దానిని ముఖ్యముగ నల్లెడివారు.

ఇరాక్వాలని పరులు పిలుచు హోడెనోషోని జనులలో నొక కథ కలదు. కుమార్తెలను గోల్పోయి యడవులబడి తిరుగుచున్న హయావాతా గుల్లలను సరములుగ గ్రుచ్చి, తనవలె దుఃఖించువారు కనబడినచో వీనితో నోదార్తునుగదా యనుకొనెనట. శాంతికర్త యను మహనీయుడు వచ్చి, ఆ సరములనే యొక్కొక్కటిగ చేతికిచ్చుచు, కన్నీరు తుడుచు మాటయు, చెవులు తెరచు మాటయు, గొంతు సవరించు మాటయు పలికెనట. వారి పెద్ద మరణించినపుడు నేటికిని ఈ విధి జరుగుచున్నది. ఆ పెద్దలను నిలుపుటయు తొలగించుటయు గణమాతలైన స్త్రీల యధికారమని తెలిసి మేము మురిసితిమి.

దీనిని నాణెము చేసినవారు పరదేశులు. డచ్చివారును ఆంగ్లేయులును బీవరు తోళ్లకొరకు పూసలిచ్చిరి. వెండి కరవగుటచే మసాచుసెట్సు పాలకులు 12 పెన్నీలకు లోబడిన మొత్తములకు, పెన్నీకి 6 పూసల చొప్పున చెల్లునని 1637 లో శాసించిరి. ఊదాపూస వెల తెల్లదానికి రెట్టింపు. ఇనుపపనిముట్లు రాగా పూసలు రాశులుపడెను, నాసివి కలిసెను, ధర జారెను. 1661 లో ఆ శాసనమే రద్దయ్యెను. మన నల్లపూసలను తూచి వెలకట్టువారుందురా? ఆ జనులకును పట్టీ యనగా సొమ్ము కాదు, ఇచ్చిన మాట.

అయినను పట్టీలు పరుల ప్రదర్శనశాలల పాలయ్యెను. పెక్కేండ్లు అడుగగా అడుగగా, 1989 లో న్యూయార్కు రాష్ట్రము వారు ఒనొండాగా జనులకు 12 పట్టీలు తిరిగి యొసగిరి. హయావాతా పేరిటి పట్టీయు నందున్నది. ఊదానేలపై నడుమ వృక్షము, ఇరువైపుల రెండేసి చదరములు. కలిసి యైదు జాతులు. వానిని కూర్చు తెల్లగీత కొనలవరకు సాగిపోవును. చేరగోరువారికి అది దారియట.