ఇదిగో, ఈ అర! – గిడ్డంగిలో దారి చూపే దీపాలు

మా వీధి మొదట్లో ఒక మందుల కొట్టు వుంది. చీటీ చేతికి ఇవ్వగానే కొట్టాయన వెనక్కి తిరిగి, చూసీ చూడనట్టుగా, పైనుంచి మూడో అరలో చెయ్యి పెట్టి కావలసిన మాత్రలు తీసేస్తాడు. "ఇన్ని అరలు ఎలా గుర్తుంటాయండీ?" అని ఒకసారి అడిగాను. "ఇరవై ఏళ్ళనుంచీ పెట్టేదీ నేనే, తీసేదీ నేనే కదా!" అన్నాడు. ఆయన పండక్కి ఊరు వెళ్ళి తమ్ముణ్ణి కూర్చోబెట్టిన రోజున మాత్రం కొట్టు ముందు జనం బారులు తీరి నిలబడతారు. తమ్ముడికి మందుల పేర్లు బాగానే తెలుసు. తెలియనివల్లా అరలే.

ఇప్పుడు ఆ కొట్టుకు మందులు పంపే పెద్ద గిడ్డంగిని ఊహించుకోండి. అక్కడ వేలకొద్దీ రకాలు వుంటాయి. ఊళ్ళో వున్న కొట్లన్నిటి నుంచీ ఆర్డర్లు వస్తాయి. ఒకరికి ఈ మాత్రలు మూడు పెట్టెలు, ఇంకొకరికి ఆ సీసాలు పది. ఒక మనిషి జాబితా పట్టుకుని, తోపుడుబండి తోసుకుంటూ అరల మధ్య తిరిగి ఇవన్నీ ఏరాలి. ఇలాంటి పనిలో సుమారు సగం కాలం కేవలం నడకకే పోతుందని గిడ్డంగుల నిర్వహణ గురించిన పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మిగిలిన దానిలో పెద్ద భాగం వెతుకులాటకు పోతుంది. అసలు వస్తువును చేత్తో తీయడానికి పట్టేది కొద్దిపాటి సమయమే!

కాలం పోతే పోయింది, పొరపాటు జరిగితేనో? హైడ్రలజిన్ అని ఒక మందు వుంది. అది రక్తపుపోటును తగ్గిస్తుంది. హైడ్రాక్సిజిన్ అని ఇంకొకటి వుంది. అది దురదలకు, ఎలర్జీకి ఇస్తారు. అక్షరక్రమంలో సర్దితే రెండూ దగ్గరదగ్గరగానే వస్తాయి. అలసిన కళ్ళకు రెండు పేర్లూ ఒకటిగానే కనిపిస్తాయి. ఈ రెండూ తారుమారవుతున్నాయనే అమెరికాలో వీటి పేర్లలో తేడా వున్న అక్షరాలను మాత్రం పెద్దవిగా అచ్చువేసే పద్ధతి పెట్టారు. రక్తపుపోటు మనిషికి దురదమందు అందితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కాబట్టి చేయవలసిన పనులు రెండు. నడక తగ్గించాలి, వెతుకులాట తగ్గించాలి.

మొదటిదాన్ని యంత్రాలకు అప్పగించారు. మనిషి సరుకు దగ్గరకు వెళ్ళడం మాని, సరుకే మనిషి దగ్గరకు వచ్చేలా చేశారు. 1962లో, అప్పటి పశ్చిమ జర్మనీలోని గూటర్స్‌లో పట్టణంలో, బెర్టెల్స్‌మాన్ అనే పుస్తక ప్రచురణ సంస్థ కోసం డెమాగ్ కంపెనీ 20 మీటర్ల ఎత్తు గల గిడ్డంగిని కట్టింది. అంటే ఆరేడు అంతస్తుల మేడ అంత ఎత్తన్నమాట. రెండు అరల వరసల మధ్య సన్నని సందులో పట్టాల మీద ఒక క్రేను ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదులుతూ సరుకు తెచ్చేది. ఇప్పుడు ప్రపంచమంతటా వున్న యంత్ర గిడ్డంగులకు అది పెద్దన్న వంటిది.

చిన్న వస్తువులకు వేరే యంత్రాలు వున్నాయి. తిరునాళ్ళలో జెయింట్ వీలు ఎక్కారు కదా! కూర్చునే తొట్టెలకు బదులు అరలు తగిలించారనుకోండి. కావలసిన అర కిందికి వచ్చేదాకా చక్రం తిరిగి ఆగుతుంది. ఇలాంటివే అడ్డంగా తిరిగేవీ వున్నాయి. ఇంకొక రకం, ఎత్తయిన ఇనప బీరువా. ముందువైపూ వెనుకవైపూ ట్రేలు పేర్చి వుంటాయి. మధ్యలో లిఫ్టు. మీరు నెంబరు నొక్కితే లిఫ్టు వెళ్ళి ఆ ట్రేను లాక్కుని, మీ నడుము ఎత్తున వున్న కిటికీలో పెడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ట్రేలో సరుకు ఎంత ఎత్తు వుందో కాంతి కిరణాలతో కొలిచి, సరిగ్గా అంత ఖాళీ వున్నచోటే దూరుస్తుంది. మన ఇళ్ళల్లో బీరువా సర్దే వాళ్ళకు ఈ విద్య వస్తే ఎంత బాగుండునో!

సరే, ట్రే వచ్చింది. కాని ఒక్కొక్క ట్రేలో ముప్ఫై నలభై గళ్ళు వుండవచ్చు. ఏ గడిలోది తీయాలి? వెతుకులాట మళ్ళీ మొదటికి వచ్చింది!

ఇక్కడే దీపం అవసరం పడింది. సినిమా మొదలయ్యాక చీకట్లో హాల్లోకి వెళితే టార్చిలైటు మనిషి ఏం చేసేవాడు? "ఎఫ్ వరసలో పదిహేడు" అని ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు. వెలుగును కుర్చీ మీద వేసి ఊరుకునేవాడు. గిడ్డంగిలోనూ అంతే. ప్రతి అర కింద ఒక చిన్న బల్బు, పక్కన అంకెలు చూపే చిన్న పలక, ఒక మీట వుంటాయి. ఆర్డరు కంప్యూటరులోకి చేరగానే కావలసిన అరల దగ్గర మాత్రమే బల్బులు వెలుగుతాయి. పలక మీద "3" అని కనిపిస్తుంది. మూడు తీసి మీట నొక్కితే దీపం ఆరిపోతుంది. దీపాలన్నీ ఆరితే ఆ ఆర్డరు పూర్తయినట్టే. లిఫ్టు బీరువాలో అయితే కిటికీ పైనుంచి ఒక లేజరు చుక్క సరిగ్గా ఆ గడి మీద పడుతుంది. అడ్డంగా తిరిగే రాట్నాల పక్కన ఒక దీపస్తంభం నిలబెడతారు. ఎన్నో అర ఎత్తులో చెయ్యి పెట్టాలో ఆ ఎత్తులోనే దీపం వెలుగుతుంది. ఒక రాట్నంలోంచి తీస్తుండగా పక్కది తిరిగి సిద్ధంగా వుంటుంది.

వందల అరల మధ్య వెలిగిన ఒక్క దీపం కంటికి వెంటనే ఎందుకు కనబడుతుంది? మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక తెల్లకాగితం మీద నీలం పెన్సిలుతో యాభై సున్నాలు చెల్లాచెదురుగా వేయండి. వాటి మధ్య ఒక్క ఎర్ర సున్నా వేయండి. మీ చెల్లెలికి చూపి ఎర్రది ఎక్కడుందో అడగండి. అడిగేలోపే వేలు పెడుతుంది. నూరు సున్నాలు వేసినా అంతే. ఇప్పుడు రెండో కాగితం మీద నీలం సున్నాలు పాతిక, ఎర్ర ఇంటూ గుర్తులు పాతిక కలిపి, వాటిలో ఒకే ఒక్క ఎర్ర సున్నా వేయండి. ఈసారి చెల్లెలు ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ పోతుంది. గుర్తులు పెరిగినకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. ఆన్ ట్రైస్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇటువంటి పరీక్షలు అనేకం జరిపి 1980లో ఫలితాలు ప్రకటించింది. ఒకే లక్షణంలో తేడా వుంటే మెదడు మొత్తం దృశ్యాన్ని ఒక్కసారే పరిశీలించి పట్టుకుంటుంది. రెండు లక్షణాలు కలిపి చూడవలసి వస్తే ఒక్కొక్కటే వెతకాలి. మందుపెట్టె మీద పేరు చదవడం రెండో రకం పని, వెలిగిన దీపాన్ని చూడడం మొదటి రకం.

ఇక తీగల సంగతి. వెయ్యి బల్బులకు వెయ్యి తీగలు లాగితే గిడ్డంగి సాలెగూడు అయిపోతుంది. అందుకు ఒక ఉపాయం వుంది. బల్బులను 32 అడ్డ తీగలు, 32 నిలువు తీగలు కలిసే చోట్ల బిగించండి. 32ను 32తో గుణిస్తే 1024. అంటే 64 తీగలతో 1024 బల్బులు! ఏ అడ్డతీగకు, ఏ నిలువుతీగకు కరెంటు ఇస్తే ఆ మూలన వున్న బల్బు వెలుగుతుంది. బాగుంది కదూ? కాని ఒక తిరకాసు వుంది. రెండో వరసలో మూడోది, అయిదో వరసలో ఏడోది ఒకేసారి వెలిగించబోతే, రెండో వరసలో ఏడోది, అయిదో వరసలో మూడోది కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు వెలుగుతాయి. కాగితం మీద గీసి చూడండి, ఎందుకో తెలుస్తుంది. మందుల గిడ్డంగిలో ఇలాంటి దొంగదీపాలు పనికిరావు.

అందుచేత ఇంకొక పద్ధతి పెట్టారు. మీ తరగతిలో మాష్టారు హాజరు పిలిచేటప్పుడు నెంబరు అందరికీ వినిపిస్తుంది, పలికేది ఒక్కరే. అలాగే దీపాలన్నిటినీ ఒకే కేబులుకు తగిలిస్తారు. ప్రతి దీపానికీ ఒక నెంబరు, దాన్ని గుర్తుపట్టే ఒక చిన్న చిప్పు వుంటాయి. "417, వెలుగు, 3 చూపించు" అని కంప్యూటరు పంపిన మాట అన్నిటికీ చేరుతుంది, కాని 417 మాత్రమే వెలుగుతుంది. ఆ నెంబరును సున్నాలూ ఒకట్లతో పది స్థానాలలో రాస్తే చాలు, 1024 దీపాలకు వేరు వేరు పేర్లు పెట్టవచ్చు.

ఆ బల్బు కూడా మామూలు బల్బు కాదు. మామూలు బల్బులో తీగ కాలిపోతూ వుంటుంది. అది కాలిపోయిన రోజున ఆర్డరులోంచి ఒక మందు చడీచప్పుడు లేకుండా తప్పిపోతుంది. కంటికి కనిపించే ఎర్రకాంతినిచ్చే ఎల్‌ఇడిని అమెరికాలో నిక్ హోలొన్యాక్ 1962లో తయారుచేశాడు. గూటర్స్‌లో గిడ్డంగి కట్టిన సంవత్సరమే, చూశారా! ఎల్‌ఇడిలో కాలిపోయే తీగ అంటూ లేదు కాబట్టి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. రంగుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. అందుకే తెలివైనవాళ్ళు రంగు ఒక్కదాన్నే నమ్ముకోక అంకెనూ, దీపం మినుకుమినుకుమనడాన్నీ కూడా వాడతారు.

ఇంత చేసినా దీపానికి తెలియనివి కొన్ని వున్నాయి. మీరు మూడు తీశారో నాలుగు తీశారో దానికి తెలియదు. మీట నొక్కారన్నదే తెలుసు. అందుకని కొన్నిచోట్ల పెట్టెను చివర త్రాసు మీదకు పంపి, లెక్క ప్రకారం వుండవలసిన బరువు వుందో లేదో చూస్తారు. అసలు భయం వేరే వుంది. అరలో మందులు నింపిన మనిషి హైడ్రలజిన్ వుండవలసిన చోట హైడ్రాక్సిజిన్ పోశాడనుకోండి. దీపం తు.చ. తప్పకుండా ఆ అర దగ్గరే వెలుగుతుంది! దీపానికి మందు పేరు తెలియదు, అర నెంబరే తెలుసు. దీపాన్ని నమ్మడానికి అలవాటుపడిన మనిషి పేరు చదవడం మానేస్తాడు. కాబట్టి నింపేటప్పుడే పెట్టె మీది గీతల గుర్తును, అర మీది గుర్తును యంత్రంతో చదివించి, రెండూ సరిపోతేనే నింపనిస్తారు. ఈ గీతల గుర్తును ఒక అంగడిలో మొట్టమొదట చదివించింది 1974 జూన్ 26న, అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద.

దీపాలకు ఇంకొక ముఖం కూడా వుంది. ఏ దీపం ఎప్పుడు వెలిగిందో, ఎన్ని క్షణాలకు ఆరిందో కంప్యూటరు రాసుకుంటుంది. వెతుకులాట తగ్గింది కదా అని గంటకు ఇంకా ఎక్కువ ఆర్డర్లు అప్పగిస్తే, నడక మిగిలినవాడికి భుజాల నొప్పి మిగులుతుంది. ఈ తప్పు దీపానిది కాదు, లెక్క వేసినవాళ్ళది.

2003లో అమెరికాలో మిక్ మౌంట్జ్ స్థాపించిన కీవా కంపెనీ మరో పద్ధతి తెచ్చింది. పొట్టి నారింజరంగు రోబోలు అరల కిందికి దూరి, అరల బీరువానే ఎత్తుకుని మనిషి ముందుకు తెస్తాయి. అక్కడ లేజరు చుక్క తీయవలసిన వస్తువును చూపుతుంది. అమెజాన్ కంపెనీ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కీవాను కొనుక్కుంది. ఇన్ని చేసినా తీసే చెయ్యి మాత్రం మనిషిదే. మెత్తని పొట్లాన్నీ గాజుసీసానూ ఒకే నేర్పుతో పట్టుకునే చేతిని తయారుచేయడం ఇంజనీర్లకు చాలాకాలం కొరుకుడుపడలేదు. ఇప్పుడిప్పుడే కెమెరా కళ్ళున్న యంత్రహస్తాలు కొన్ని రకాల వస్తువులను తీయగలుగుతున్నాయి. ఆ చేతులకు దీపం అక్కరలేదు, ఎక్కడ తీయాలో కంప్యూటరు నేరుగా చెబుతుంది. క్రేన్లు మాత్రమే తిరిగే సందుల్లో ఇప్పటికే లైట్లు వేయవలసిన పని లేదు. చిన్న దీపం వెలిగేది మనిషి నిలబడే కిటికీ దగ్గరే.